శుక్రవారం ఉతకాల్సిన బూటు

నేను వచ్చేసరికి ఎవరో ఒకావిడ తడి చేతిరుమాలుతో నా కళాఖండాన్ని రుద్దేస్తోంది.

“ఏమమ్మా, బుద్ధుందా?” ప్రదర్శనశాల అదిరేలా అరిచాను. “ఆ బురద ముట్టుకోకు!”

అది సునామీ వెళ్ళిన మర్నాడు తీరంలో నాకు దొరికిన చిన్న కాన్వాస్ బూటు. పిల్లలు బడి లోపల మాత్రమే తొడుక్కునేది. పదమూడేళ్లుగా దాని మీద బురద ఒక్క పెచ్చు రాలకుండా కాపాడాను. టోక్యోలో, క్యోటోలో జనం దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. కింద పలక మీద నేనే రాశాను: ‘పేరులేని బిడ్డ’.

ఆవిడ ఆపలేదు. చెయ్యి పట్టుకోబోయాను.

“చెయ్యి తియ్!” కసిరింది. “సముద్రం మీద పడ్డ రోజు ఏ వారం?”

నాకు గుర్తులేదు.

“శుక్రవారం! శుక్రవారం పిల్లలు ఈ బూట్లు ఇంటికి తెస్తారు. మేం ఉతికి సోమవారం పంపిస్తాం. మీ అమ్మ ఉతకలేదూ?”

మా అమ్మా ఉతికేది.

“మడమ దగ్గర ఈ నీలం దారం చూడు. వేలు దూర్చి లాక్కోవడానికి వీలుగా ఉంటుందని నేనే కుట్టిచ్చాను. ఇన్నేళ్లూ దీన్ని ఇలా మురికిగా ఊరూరా తిప్పుతావా?”

రుమాలుతో మరోసారి గట్టిగా రుద్దింది. బురద ఊడి నేల మీద పడింది. దాని కింద నల్ల సిరాతో, ఓ తల్లి పొందిగ్గా రాసిన అక్షరాలు కనిపించాయి.

కుమగాయ్ షుంపేయ్, రెండో తరగతి.

పదమూడేళ్లుగా నేను రాలకుండా కాపాడింది ఆ పేరు మీది బురదని.