పండగ ఉన్న ఇల్లు

"పరవాన్నం మాత్రం వండనండీ. మీరేమన్నా అనుకోండి, ఇప్పుడు నా చేత్తో తీపి వండలేను."

సరోజ మాటలు పక్క గదిలోకి వినిపిస్తాయేమోనని రఘునందన్ గబగబా వంటింటి చిమ్నీ వేశాడు. ఆ మోతలో భార్య దగ్గరగా వంగి, "మెల్లిగా మాట్లాడు, అమ్మ మేలుకునే ఉంది" అన్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళు దాస్తాం?"

"డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా. గుండె ఆపరేషనై నెల తిరగలేదు. సాయి లేడని ఇప్పుడు చెబితే అమ్మ కూడా మనకు దక్కదు. దసరా పూట పొయ్యి మీద ఏమీ లేకపోతే ఆవిడకు అర్థం కాదూ? చావు జరిగిన ఇంట్లోనేగా పండగ మానేస్తారు!"

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిప్రకాష్ ఆమె మరిది. పూణేలో ఉద్యోగం చేసేవాడు. మోటార్ సైకిల్ మీద ఆఫీసుకు వెళుతూ లారీ కింద పడ్డాడు. ఆఫీసు పని మీద వెళుతున్నానని తల్లితో చెప్పి రఘునందన్ పూణే వెళ్ళి, తమ్ముడికి తలకొరివి పెట్టి వచ్చాడు. అప్పటినుంచి ఈ మయూర్ విహార్ ఫ్లాట్‌లో గట్టిగా ఏడవడానికి ఎవరికీ చోటు లేదు. సరోజ బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడుస్తోంది.

ఇంతలో ఆడపడుచు భానుమతి నోయిడా నుంచి ఫోన్ చేసింది.

"వదినా, గారెలూ బూరెలూ పెట్టుకోకు. పప్పు, పులిహోర, ఏదో ఒక కూర, చారు చాలు. అమ్మ అడిగితే డాక్టరు నూనె వద్దన్నాడని చెబుదాం."

"మరి తీపి?"

అటువైపు భానుమతి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"కాస్త పరవాన్నం చెయ్యి వదినా. అదీ లేకపోతే పండగలా ఉండదు. అమ్మ ఊరుకోదు."

"సరేలే" అంది సరోజ.

"సరోజా, ఒకసారి ఇలా రామ్మా!" గదిలోంచి అత్తగారు పిలిచింది.

సరోజ కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. అన్నపూర్ణేశ్వరి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎల్లుండి భానూ వాళ్ళు వస్తున్నారటగా. ఏం వండుదామనుకుంటున్నావు?"

"సింపుల్‌గానే అత్తయ్యా. పప్పూ, పులిహోరా... కొంచెం పరవాన్నం."

"చాలు తల్లీ. ఎక్కువ పెట్టుకోకు. చిక్కి సగమయ్యావు."

తర్వాత ఏం అడుగుతుందో సరోజకు తెలుసు. సాయిని ట్రైనింగుకు పంపారు, అక్కడ సిగ్నల్ ఉండదు అనే జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకుంది. అన్నపూర్ణేశ్వరి కిటికీ వైపు తిరిగి పడుకుంది. మొన్నటిదాకా పొద్దున్నే "సాయి ఫోన్ చేశాడా?" అని అడిగే మనిషి ఇప్పుడు అడగడం మానేసింది. నమ్మేసింది పాపం అనుకుంది సరోజ. ఆ నమ్మకమే ఆమె గుండెను కోసింది.

దసరా నాడు పొద్దుటి నుంచీ కింద పార్కులో మైకు మోగుతోంది. రావణుడి బొమ్మకు తలలు బిగిస్తున్నారు. భానుమతి పట్టుచీర కట్టుకుని, కాటుక పెట్టుకుని, భర్త రామమోహనరావుతో వచ్చింది. గుమ్మంలోనే వదినను కావలించుకుని వదల్లేదు.

"చాలు భానూ, కాటుక చెదురుతుంది" అని సరోజ చెవిలో చెప్పింది.

సరోజ కూతురు శ్రుతి గదిలోంచి రానంది. "బాబాయ్ కే బినా ముఝ్‌సే నహీ హోగా మమ్మీ. బాబాయ్ లేకుండా నేను నవ్వలేను."

"నవ్వకు. ఊరికే కూర్చో. ముఖం కడుక్కుని రా, నానమ్మ చూస్తుంది."

అన్నపూర్ణేశ్వరి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే నడిచి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. పొద్దున్నే స్నానం చేసి నేత చీర కట్టుకుంది. సరోజ అందరికీ వడ్డించింది. అత్తగారి కంచంలో పరవాన్నం వేస్తుంటే గరిటె అంచుకు తగిలి నాలుగు మెతుకులు బల్ల మీద పడ్డాయి. ఎవరూ చూడనట్టే తలలు తిప్పుకున్నారు.

"నువ్వూ కూర్చో సరోజా. ఇవాళ అందరం ఒకేసారి తినాలి" అంది అన్నపూర్ణేశ్వరి.

రామమోహనరావు తన ఆఫీసులో ఎవరో బాస్‌కు బదులు బాస్ భార్యకు మెసేజ్ పంపి ఇరుక్కున్న సంగతి చెప్పాడు. అందరూ నవ్వారు. అవసరమైన దానికంటే గట్టిగానే నవ్వారు. రఘునందన్ నవ్వి నవ్వి దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సరోజ పరవాన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మంచినీళ్ళతో మింగింది.

"బాగుందా అత్తయ్యా?"

అన్నపూర్ణేశ్వరి ఇంకా ఒక్క మెతుకైనా ముట్టలేదు. అన్నం, పప్పు, పులిహోర, కూర, పరవాన్నం, అన్నిట్లోంచీ కాస్త కాస్త తీసి కంచంలో ఒక పక్కన ముద్దగా పెట్టింది. కొడుకునీ కూతుర్నీ కోడల్నీ మనవరాల్నీ ఒక్కొక్కరినే చూసింది. అల్లుడి నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ కంచం రెండు చేతులతో ఎత్తి పెద్దకొడుకు ముందుకు జరిపింది.

"ఇది బాల్కనీ గోడ మీద పెట్టి రా నాయనా. మన సాయి కోసం కాకి వస్తుందేమో చూద్దాం."