ఇరవయ్యో సీసా

పరీక్ష కాగితం వచ్చింది. ఇరవైమందిలో ఒక్కరి గొంతులోనే క్రిమి ఉందట. సూరమ్మ.

నర్సు మార్తమ్మ ఆ పేరు మూడుసార్లు చదివింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో కాళ్ళూ అరిగాయి, ఓపికా అరిగింది. ఓడలరేవు దగ్గర బస్సు దిగి, ఇసుకలో మూడు మైళ్ళు నడిస్తేగాని పాలెం రాదు. ఈ వేసవిలో ఎన్నిసార్లు నడిచిందో ఆ దేవుడికే తెలియాలి. నెలన్నరలో, గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని కంఠసర్పితో ముగ్గురు పిల్లలు పోయారు. మూడోది సూరమ్మ కూతురు, నాలుగేళ్ళ నాగమణి.

ఇందులో తన లోపమేముంది? సూదికి ఏడ్చే పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిప్పరమెంటు బిళ్ళ పంటితో కొరికి, తలో ముక్కా నోట్లో పెట్టి మరీ వేసింది. టీకా మూడు సూదులూ పూర్తికాకుండానే రోగం వచ్చిపడింది.

"ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే ఎవరో దీన్ని గొంతులో మోస్తున్నారమ్మా," అన్నారు డాక్టరు ప్రకాశరావుగారు. "పాలెంలో పెద్దాళ్ళందరి గొంతులోనూ దూదిపుల్ల తిప్పి, సీసాల్లో పెట్టి పట్టుకురండి. ఎందుకైనా మంచిది, ఒక పుల్లా, సీసా ఎక్కువే ఇస్తున్నాను."

పదిరోజుల కిందట ఆ పనీ అయింది. అందరూ సణిగారు. సూరమ్మ ఒక్కతే అడగకముందే నోరు తెరిచింది.

ఇవాళ డాక్టరుగారు జీపులో వచ్చి సంగతి చెప్పారు. సూరమ్మని కాకినాడ ఆసుపత్రిలో విడిగా ఉంచాలి. ఆ మాట వినగానే ఆడవాళ్ళంతా నాలుగడుగులు వెనక్కి జరిగారు. అత్తగారు వీరాయమ్మ ఒక్క ఉదుటున వచ్చి, కోడలి ఒళ్ళో పాలు తాగుతున్న పసివాణ్ణి లాక్కుంది.

"ఒకదాన్ని మింగేవు. వీణ్ణి కూడా మింగుతావా?"

సూరమ్మ ఏడవలేదు. జీపెక్కబోతూ ఆగి, మార్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా పిల్లని నేనే చంపుకున్నానాండీ, నర్సమ్మగారూ?"

పసివాడి ఏడుపు వినిపిస్తుండగానే జీపు కదిలింది.

పదిరోజుల కిందట, ఆ సీసాలు పట్టుకుని బస్సు దగ్గరికి చేరేసరికి సంచిలో సూరమ్మ సీసా పగిలిపోయి ఉంటే, మళ్ళీ ఆ ఇసుకలో మూడు మైళ్ళు నడిచే ఓపిక లేక, ఎక్కువిచ్చిన పుల్లని మార్తమ్మ తన గొంతులోనే తిప్పుకుని, ఆ ఎక్కువ సీసా మీద సూరమ్మ పేరు రాసింది.