బోణీ

"చనిపోయినవాళ్ల కాగితాలు ఇవాళ ఇవ్వమమ్మా. కొత్త మున్సిపల్ ఆఫీసు, ఇప్పుడేగా రిబ్బను కోసింది! బోణీ పుట్టినవాళ్లతో చేయమన్నారు," అన్నాడు గుమాస్తా.

వరసలో మొదట నిలబడ్డ ఆమె కౌంటరు పట్టుకుని వదల్లేదు. "పోయిన మా ఆయన ఉద్యోగం నాకిమ్మని దరఖాస్తు పెట్టుకోవడానికి ఇవాళే ఆఖరు బాబూ. మరణపత్రం లేకపోతే తీసుకోరు. ఇంట్లో ఒక్కరికే ఇస్తారట."

పక్కనున్న అత్తగారు ఆమె భుజం నిమిరింది. "ఊరంతా సంబరంలో ఉంటే మన ఏడుపెందుకే? రేపొద్దాం, పద."

ఆమె భర్త పేరడిగి గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. "ఇదేంటి, ఈయనది నిన్న పాత ఆఫీసులోనే ఇచ్చేశాంగా! తమ్ముడట, సంతకం పెట్టి తీసుకెళ్లాడు. ఈ పెద్దమ్మే వెంటబెట్టుకొచ్చింది."

ఆమె అత్తగారి వైపు తిరిగింది. పెద్దావిడ భుజం మీది చెయ్యి తియ్యలేదు.

"దరఖాస్తు వాడు నిన్ననే పెట్టేశాడు. అలా గుడ్లప్పగించి చూస్తావేం?" అంది అత్తగారు. "నీకింత ముద్ద పెట్టకపోతాడా? వాడి పెళ్లానికీ అంట్లు తోమే మనిషి కావాలిగా."