అప్పీలు చెయ్యని పది రోజులు

మా వంటింటి గోడ మీద, క్యాలెండర్ పక్కన కోర్టు పెట్టె ఉంటుంది. ఈ రోజుల్లో అందరిళ్లలోనూ ఉన్నదే. మా ఆయన పోతే ఇంటి అప్పు ఇన్సూరెన్సే తీర్చాలి. తీరా పోయాక, బీపీ ఉన్న సంగతి దాచారంటూ ఇన్సూరెన్సు కంపెనీ అడ్డం తిరిగింది. దావా వేశాం. పెట్టె రోజూ పొద్దున్నే ఒక మధ్యంతర ఉత్తర్వు చదివేది. ఏ ఉత్తర్వునూ వదలొద్దని వీధిలో అందరూ చెప్పేవారు. నేను ఉప్మాకి రవ్వ వేయిస్తూనే దాని మీదున్న అప్పీలు మీట బొటనవేలితో నొక్కేదాన్ని. రవ్వ వేగేలోపు పైకోర్టు జవాబిచ్చేది. దాని మీద మర్నాడు ఇంకో ఉత్తర్వు పుట్టేది.

మా అత్తగారికి చెముడు. "నా కొడుకు అబద్ధం ఆడలేదని రాశారా, వరాలూ?" అని రోజూ అడిగేవారు.

"ఇంకా లేదండి అత్తయ్యగారూ!" అని అరిచేదాన్ని. ఆరేళ్లు అదే మాట.

మొన్న మార్గశిరంలో ఆవిడ పోయారు. మైలలో నేను పెట్టెను ముట్టుకోలేదు. పన్నెండో రోజు పొద్దున్న దానంతట అదే పలికింది.

"పది రోజులుగా అప్పీలు లేదు కనుక తుది తీర్పు తెరుస్తున్నాం. మృతుడు ఏదీ దాచలేదు. అబద్ధం ఆడలేదు."

పెట్టె తెర మీద తీర్పు తేదీ చూశాను. దావా వేసిన మూడో వారం.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"అప్పీళ్లు నడుస్తుండగా తీర్పు తెరవకూడదు. ఈ నియమం మొదటి రోజే చదివి వినిపించాం."

వినిపించే ఉంటుంది. నేను రవ్వ వేయిస్తూ ఉండి ఉంటాను.

పెట్టెను గోడ మీంచి తీసి, అత్తగారి మంచం మీద తలగడ పక్కన పెట్టాను.

"మళ్లీ చదవండి," అన్నాను. "కొంచెం గట్టిగా."