ఏడు మరచేపలు

పెరటి కుంటలో గోరంత చేపపిల్లలు కనబడేసరికి హైమవతి చేతిలోని చెంబు జారిపోయింది. కాలనీలో అందరిలాగే వాళ్లూ కిందటేడు అసలు చేపల్ని మరచేపల కంపెనీకిచ్చేసి, అచ్చం అలాగే ఉండే మరచేపల్ని వేయించుకున్నారు. ఆ రోజు నుంచీ మేత వెయ్యడం మానేశారు.

"ఏవండీ, మరచేపలు పిల్లల్ని పెడతాయా?"

కామేశం వంగి చూశాడు. రెండు కోయి చేపలు, ఐదు గోల్డ్‌ఫిష్‌లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.

"కంపెనీవాళ్లు మనవన్నీ పట్టుకెళ్లలేదన్నమాట. కనీసం రెండు అసలువే."

"ఏ రెండు?"

"నాకేం తెలుసే? నాచు తిని బతికుంటాయిలే."

"ఏడాదిపాటు పస్తులుంచామండీ!"

ఆమె వంటింట్లోంచి గుప్పెడు మరమరాలు తెచ్చి చల్లింది. మరచేపలకి ఆకలుండదు కనుక నిజంగా ఆకలేసినవే పైకొస్తాయని కళ్లప్పగించి చూసింది.

ఏడు నోళ్లూ ఒకేసారి పైకి తెరుచుకున్నాయి.