నూట పన్నెండు తర్వాత

"ఎలుక కొరికితే ఇంత తిన్నగా కొరుకుతుందా అత్తయ్యా? స్కేలు పెట్టి కోసినట్టుంది."

కోడలు పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నూట పన్నెండో పేజీ తర్వాత నూట పదిహేను. మధ్యలో కాగితం లేదు. ఆమె కార్డు మీద తెచ్చిన లైబ్రరీ పుస్తకం. అరగంటగా ఇంట్లో ఇదే గొడవ.

"తెచ్చినప్పుడే లేదేమో," అంది అత్తగారు, తలెత్తకుండా.

ఆమె భర్తకు గోళ్ళు తీస్తోంది. ఆయన కుడిచెయ్యి ఎప్పటిదో పాత దెబ్బకు ముడుచుకుపోయింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పితే గానీ గోళ్ళు అందవు.

"ఆ లైబ్రేరియన్ ప్రతి పేజీ తిరగేసి మరీ ఇస్తాడు. రేపు ఆయనకి నా మొహం ఎలా చూపించను?"

"ఎవరు చింపారో తర్వాత తేల్చుకోండి," అన్నారు పెద్దాయన. "ముందు నాకో సంగతి చెప్పండి. గేటుకి తాళం వేసినవాడు ఏమయ్యాడు?"

ఈ ప్రశ్న నిన్నా అడిగారు. మొన్నా అడిగారు.

ఆయనకు మతిమరుపు మొదలై మూడేళ్ళు. పెళ్ళి, ఉద్యోగాలు, కొడుకు చిన్నతనం, అన్నీ వరసగా జారిపోయాయి. చదవడం ఒక్కటి మిగిలింది. అదీ చరిత్రే. కొడుకు పుట్టక ముందు ఏడేళ్ళు ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చినప్పుడు, పొద్దుపోక పట్టుకున్న అలవాటు.

"నవలల్లో ఎవరికెవరు ఏమవుతారో గుర్తుపెట్టుకు చావాలి. చరిత్రలో ఆ బాధ లేదు. అందరూ పోయినవాళ్ళే," అంటారు.

కుళాయి కారుతోందని కోడలు విసుక్కుంటే, కరువులో ఖాళీ అయిపోయిన పట్నం గురించి చదివి వినిపిస్తారు. బస్సు డిపోలో సూపర్‌వైజర్ వేధిస్తున్నాడని కొడుకు గొణిగితే, సొంత తమ్ముడే కళ్ళు పొడిపించిన రాజు సంగతి ఎత్తుతారు. "ఇప్పుడు చెప్పరా, నీదీ ఒక కష్టమేనా?" అని నవ్వుతారు. ఆ నవ్వు కోసమే కోడలు వారం వారం పుస్తకాలు మోసుకొస్తుంది.

ఈసారి తెచ్చింది మిల్లుల చరిత్ర. అందులో ఆయనకు ఒకే అధ్యాయం పట్టుకుంది. రోజూ అదే. రోజూ కొత్తే. నలభై ఏళ్ళ కిందటి ఒక బట్టల మిల్లు. నిప్పంటుకున్న వేళకి గేటు బయటి నుంచి తాళం వేసి ఉంది. లోపల నలభై ఒక్కమంది ఆడవాళ్ళు. తాళంచెవి జేబులో వేసుకుని కాపలావాడు వీధి చివరికి వెళ్ళాడు. నూట పన్నెండో పేజీ అక్కడితో అయిపోతుంది.

కొడుకు తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పిన్ని పేరుందని చింపావు కదమ్మా?"

ఆమె కత్తెర ఆగింది. మళ్ళీ కదిలింది.

"పిన్ని పోయింది ఆ మిల్లులోనేగా. నాకు తెలుసుగా."

కోడలు పుస్తకం మూసేసింది. "ఒక్క మాట చెప్పుంటే వేరేది తెచ్చేదాన్ని కదా అత్తయ్యా," అంది. గొంతు తగ్గిపోయింది.

టేబుల్ మీద కొత్త మాత్రల అట్ట ఉంది. కోడలు తను పనిచేసే మందుల షాపు నుంచి నిన్న తెచ్చింది. డాక్టరు ఉన్నమాట చెప్పాడు. వేసుకుంటే పాత జ్ఞాపకాలు కొన్ని తిరిగి రావచ్చు. వేసుకోకపోతే ఏడాదిలోపు అక్షరాలు పోతాయి. ఆ తర్వాత మనుషుల మొహాలు. ఆ తర్వాత మింగడం. ఈ నెల దాటితే ఈ మందు కూడా పనిచెయ్యదు.

"రేపట్నుంచి మొదలుపెడదామమ్మా," అన్నాడు కొడుకు. "ఇన్నాళ్ళూ పిన్ని బాధని నువ్వొక్కదానివే మోశావు. నాన్నకి గుర్తొస్తే నీకూ తోడుంటుంది."

ఆమె ఉంగరం వేలు వదిలి చిటికెనవేలు విప్పింది.

"ఏమోయ్," అన్నారు పెద్దాయన, భార్యతో. "ఆ కాపలావాడికి పెళ్ళాం ఉండే ఉంటుందిగా. అలాంటివాణ్ణి మళ్ళీ గడప తొక్కనిచ్చి ఉంటుందంటావా?"

"చెయ్యి కదపకండి. తెగుతుంది."

"నేనయితే రానిచ్చేవాణ్ణి కాదు."

"ఊఁ."

"నలభై ఒక్కమంది. ఆ లెక్కన చూస్తే మనకేం తక్కువ చెప్పు? చల్లగా ఇంట్లో కూర్చున్నాం. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి."

అది నిజం. ఆ ఇంట్లో ఏ తలుపుకూ గడియ ఉండదు. గడియ పడిన చప్పుడు వింటే ఆయనకు ఊపిరాడదు. దొంగలకి మనమే అడ్రసు రాసి పంపిద్దామని కొడుకు అప్పుడప్పుడూ వేళాకోళం చేస్తాడు. ఇవాళ చెయ్యలేదు.

ఆమె రాలిన గోళ్ళన్నీ కాగితంలోకి ఎత్తింది. ఆయన చేతిని తన కొంగుతో తుడిచి, వేళ్ళు మళ్ళీ ముడిచి ఒళ్ళో పెట్టింది. లేచి, మాత్రల అట్ట తీసుకుని, ఆ గోళ్ళతో పాటే పొట్లం కట్టింది.

"మందు వద్దు," అంది. ముగ్గురికీ వినపడేంత గట్టిగా, అంతకంటే గట్టిగా కాదు. "అక్షరాలు పోతే పోనీ. మొహాలు పోతే పోనీ. అన్నం నేను తినిపించుకుంటాను. ఇంక ఈ సంగతి ఈ ఇంట్లో ఎత్తొద్దు."

"అమ్మా, నాన్న చచ్చిపోతాడే," అన్నాడు కొడుకు.

"తెలుసు."

పొట్లం చెత్తబుట్టలో వేసి ఆమె లోపలి గదిలోకి నడిచింది. "తలుపు వెయ్యకు," అన్నారు పెద్దాయన వెనక నుంచి, ఎప్పటిలాగే.

వెయ్యలేదు. బీరువాలో చెల్లెలి ఫోటో వెనక మడిచి దాచిన ఆ పేజీ మీది బొమ్మలో, కాలిపోయిన మిల్లు గేటు ముందు ఇద్దరు పోలీసుల మధ్య నిలబడ్డ కాపలావాడి కుడిచేతికి కట్టు ఉంది. ఇప్పుడే ఆమె వేళ్ళు విప్పి గోళ్ళు తీసిన చెయ్యే అది.