సెబాస్టియన్ వాన్ భీమిలీపట్నం

“మూడోసారి అడిగారు కాబట్టి మూడోసారీ అదే చెప్తన్నాను సవరయ్య గారూ. మా బెట్సీని మీ ఇంటికి ఇవ్వను,” అన్నాడు సెబాస్టియన్.

సవరయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. ఊరికి అటు చివరున్న బిర్సానగర్ నుంచి రెండు ఆటోలు మారి, సెబాస్టియన్ వాళ్లుండే పర్సుడీహ్ వచ్చాడు. చేతిలో టీ చల్లారిపోతోంది.

“మావోడికి తక్కువేటండీ? పర్మనెంటు ఉద్యోగం. మనది ఒకటే చర్చి. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు.”

“ప్రభుకిరణ్ మంచోడే, నాను కాదన్ను. నా బాధ రక్తం గురించి. మా ఇంటిపేరు వాను. డచ్చి దొరలు పేరు ముందర పెట్టుకునే మాట అది. భీమిలీలో మా మూలపురుషుడు డచ్చి దొర. మీ ముత్తాత ఎవరో మీకే తెలీదు.”

“ఊరుకోండి, ఇంటికొచ్చిన మనిషితో ఏటి ఆ మాటలు,” అంది భార్య సువర్ణకుమారి.

సవరయ్య తల వంచుకున్నాడు. ఈ మాటలు పడటం అతనికి కొత్త కాదు.

హిందీ ఊళ్లో పుట్టిపెరిగిన బెట్సీ లోపలి గదిలోంచి వచ్చింది. చేతిలో ఫోను.

“డాడీ, బస్ కీజియే, ఇంక చాలు. హాలండ్ నుంచి జవాబొచ్చింది.”

తమ మూలపురుషుడి వివరాలు అడుగుతూ అక్కడి పాత దస్తావేజుల ఆఫీసుకి ఆర్నెల్ల కిందట ఆమె చేత రాయించింది సెబాస్టియనే. అతని ముఖం విప్పారింది.

“చదువు.”

“ఆప్ అకేలే పఢ్ లీజియే, డాడీ.”

“ఒక్కణ్నీ చదువుకోడం దేనికి? సవరయ్య గారి ముందే చదువు. తెలుగులో చెప్పు.”

బెట్సీ తల్లి వైపు ఒకసారి చూసి, చదవడం మొదలుపెట్టింది.

“మీరడిగిన మనిషి పేరు భీమిలీలోని డచ్చివాళ్ల వర్తక కోఠీ కాగితాల్లో దొరికింది. వాన్ అంటే ఫలానా ఊరివాడని అర్థం, అంతే. కొనుక్కున్న బానిసల పేర్లకి ఊరిపేరు కలిపి అలా రాసేవారు. ఇతన్ని సెబాస్టియన్ వాన్ భీమిలీపట్నం అని రాశారు. వయసు సుమారు ఏడేళ్లు. కరువు ఏడాది, రెండు బస్తాల బియ్యమిచ్చి తల్లి దగ్గర కొన్నారు. ఇరవయ్యేళ్లకి విడిచిపెట్టారు. భీమిలీలోనే కాపురం పెట్టాడు. మీ వంశం అతనిదే. డచ్చివాళ్లతో రక్తసంబంధం ఎక్కడా కనబడలేదు.”



సెబాస్టియన్ ఫోను అందుకున్నాడు. తెరమీద పాతకాలం చేతిరాత. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తన పేరు మాత్రం పోల్చుకున్నాడు. దాని మీద బొటనవేలు పెట్టాడు.

“తల్లి పేరు రాయలేదా?”

“లేదు, డాడీ.”

“ఏడేళ్లోడు,” అన్నాడు తనలో తాను. “బియ్యానికి.”

తర్వాత లేచాడు. సవరయ్య ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి జోడించాడు.

“మూడుసార్లు మిమ్మల్ని చిన్నబుచ్చాను. క్షమించండి. మేం ఏ దొరలకీ పుట్టలేదు. పిల్లని మీ ఇంటికే ఇత్తాను. ఈ ఆదివారమే పాస్టరు గారికి చెబుదాం.”

బెట్సీ కళ్లు నిండాయి. సువర్ణకుమారి మిఠాయి తేవడానికి గబగబా వంటింట్లోకి నడిచింది.

సవరయ్య టీ కప్పు బల్ల మీద పెట్టాడు. బెట్సీ వైపు చూడలేదు. గుమ్మం దగ్గరకెళ్లి, వంగి చెప్పులు సరిచేసుకున్నాడు.

“ఆదివారం వద్దండి.”

“పోనీ, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే.”

“ఎప్పుడూ వద్దండి,” అన్నాడు సవరయ్య గేటు తీస్తూ. “మా మనవలు దొరల రక్తంతో పుడతారనే కదండీ, ఇన్నాళ్లూ మీ చేత మాటలు పడ్డాను.”